పొగ ఫొటోల సారు

ఆయన పోయిన సంగతి మా వార్డు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే పారిశుద్ధ్య కార్మికుల చేత మస్టర్‌లో సంతకాలు పెట్టిస్తూ ఫోను చూశాను. ఎవరో ఆయన పాస్‌పోర్టు సైజు ఫొటోకి పూలదండ అతికించి పెట్టారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. 'రూలంటే రూలే అనే మనిషి.' 'మన కాలనీకి తీరని లోటు.' నేనూ అలాంటి బొమ్మ ఒకటి వెతికాను. దాని మీద వేలు పెట్టబోయి తీసేశాను. పక్కనున్న మేస్త్రి తొంగిచూసి, "పోయాడా!" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "సరే, సంతకాలు కానివ్వండి మేడమ్, బళ్లు లేటవుతున్నాయ్" అన్నాడు.

నిద్రలోనే పోయాడట. దగ్గు లేదు, ఆయాసం లేదు, ఎవరికీ శ్రమ లేదు. నిజం చెప్పాలంటే అది కూడా నాకు నచ్చలేదు.

ఆ గ్రూపులో వెనక్కి వెళ్తే కనిపించేవన్నీ ఆయన పెట్టిన ఫొటోలే. పూలుండవు, మనవలుండరు, గుళ్లూ గోపురాలూ ఉండవు. అన్నీ పొగలే. చెత్తకుప్ప, దాని మీద పొగ, ఆ పొగ పక్కన వంగి నిలబడ్డ ఎవరో ఒక మనిషి. ప్రతి ఫొటో కిందా ఒకటే మాట: 'తక్షణ చర్య కోరుతున్నాం.' కోరుతున్నది ఆయనొక్కడే, అయినా ఎప్పుడూ 'కోరుతున్నాం' అనే రాసేవాడు.

నేను వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని. వీధులు ఊడిపించడం, ఇంటింటి చెత్త ఎత్తించడం, ఎవరూ బయట చెత్త తగలబెట్టకుండా చూడడం నా ఉద్యోగం. చేరిన రెండో వారంలో ఆయన మా ఆఫీసుకి వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. కుర్చీ చూపిస్తే ముందు రుమాలుతో తుడిచాడు, తరవాత నా బల్ల మీది పేపరు తీసి కుర్చీలో పరిచాడు, అప్పుడు కూర్చున్నాడు.

"ఏమ్మా, చార్జి తీసుకున్నది నువ్వేనా?"

"అవునండీ."

జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టాడు. "చదువు."

అది మా ఆఫీసు సర్క్యులరే. బహిరంగ స్థలాల్లో ఆకులు గానీ కాగితాలు గానీ ప్లాస్టిక్ గానీ కాల్చకూడదు, కాలిస్తే జరిమానా. నాకు కంఠతా వచ్చిన విషయమే. అయినా బడిపిల్లలా పైకి చదివాను. ఎర్ర పెన్నుతో గీత గీసిన చోట ఆపించి, మళ్లీ చదివించాడు. ఏదో జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడని తరవాత తెలిసింది. ఆ రోజు మాత్రం నన్నేదో శాఖ తనిఖీ చేస్తోందనే అనుకున్నాను.

లేచి వెళ్తూ అన్నాడు, "నాకు వ్యక్తిగతంగా ఎవరి మీదా ఏమీ లేదమ్మా. రూలు పొజిషన్ చెబుతున్నాను."

ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాట వచ్చిందంటే ఎవరి కడుపో కొట్టబోతున్నాడని మెల్లగా అర్థమైంది.

రూలు మంచిదే. అది ముందే చెప్పాలి. మా డెల్టాలో చలికాలం మంచు పడితే పొగ పైకి లేవదు, వీధిలోనే పడుకుంటుంది. అందులో ప్లాస్టిక్ కవర్లు కలిస్తే ఇక పిల్లలూ ముసలివాళ్లూ ఆగకుండా దగ్గుతారు. ఆ రూలు కోసం గుమ్మం గుమ్మానికీ తిరిగి గొంతు పోగొట్టుకున్నదాన్ని నేను. కానీ పొగ ఆగడం ఆయనకి అక్కర్లేదు. పొగపెట్టిన మనిషి దొరకడం కావాలి. ఆ సంగతి ఆయన ఫొటో తీసే పద్ధతి చూస్తే తెలిసిపోయేది. మేడ మీది బాల్కనీలో నిలబడి, ఫోన్ కూడా మురికిదే అన్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, మంట బాగా అందుకునేదాకా కాచుక్కూర్చునేవాడు. అగ్గిపుల్ల గీసేటప్పుడే కనబడుతుంది. ఒక్క కేక వేస్తే ఆగిపోతుంది. వేసేవాడు కాదు.

ఒకసారి అడిగాను. "మీరు పైనుంచి వద్దంటే మానేస్తారు కదండీ?"

"అది నా పని కాదమ్మా. నా పని రిపోర్టు చెయ్యడం."

రిటైరై పదేళ్లయిన మనిషికి ఆ పని ఎవరిచ్చారో నాకు తెలియదు.

ఇడ్లీ బండి ఆవిడ అట్టపెట్టెలు కాలిస్తే ఫొటో. ఇస్త్రీ బండి తాత చలికి నాలుగు పుల్లలు వెలిగించుకుంటే ఫొటో. అపార్టుమెంటు వాచ్‌మన్ మొక్కజొన్న పొత్తు కాల్చుకుంటే కూడా ఫొటో. కానీ సందు చివర ఫంక్షన్ హాలు ఉంది. ముహూర్తాల రోజుల్లో దాని వెనక ప్లాస్టిక్ గ్లాసులూ థర్మాకోల్ ప్లేట్లూ గుట్టగా పోసి కాల్చేవాళ్లు. ఆ నల్లటి పొగ ఆయన బాల్కనీ ముందు నుంచే వెళ్లేది. దాని ఫొటో గ్రూపులో ఒక్కటీ లేదు. హాలు ఓనరు ఆయనకి దగ్గరవాడు. అడిగితే, "అది కాంపౌండు లోపల జరిగేదమ్మా, ప్రైవేటు స్థలం" అన్నాడు. నేనే వెళ్లి హాలు వాళ్లకి జరిమానా రాస్తే, నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

ఆయన ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన భార్య స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చిచ్చింది. మెత్తటి మనిషి, మాట బయటికి వచ్చేది కాదు. ఆయన నన్ను అడిగాడు, "మీది ఏ ఊరమ్మా?"

"అవనిగడ్డ దగ్గరండీ."

"నాన్నగారేం చేస్తారు?"

"పాస్టరండీ."

"ఓహో" అన్నాడు. చాలా పొడుగు ఓహో అది. రెండోసారి వెళ్తే నా కాఫీ పేపరు కప్పులో వచ్చింది. ఆయన గ్లాసు స్టీలుదే. తాగడం అయ్యాక గేటు వైపు చూపించి, "బయట డబ్బాలో వెయ్యమ్మా. పొడి చెత్తలో వెయ్యి, తడి దాంట్లో కాదు" అన్నాడు. నా ఉద్యోగంలో నేను అందరికీ చెప్పే మాటే నాకు చెప్పాడు. నేను వెళ్లి పొడి చెత్తలోనే వేసి వచ్చాను.

ఒక డిసెంబరు ఆదివారం బస్సులో మా ఊరు వెళ్తున్నాను. ఘంటసాల దాటాక రోడ్డు కనబడక డ్రైవరు బస్సు ఆపేశాడు. పట్టపగలు లైట్లు వేసినా ముందున్నది ఆనలేదు. మెషిన్‌తో కోసిన వరి చేను, గడ్డికి నిప్పు పెట్టారు. పొగంతా రోడ్డు మీదికి తిరిగింది. దగ్గుకుంటూ అందరం దిగాం. గట్టు మీద గొడుగు వేసుకుని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి ఆగిపోయాను. ఆయనే. కౌలు రైతు కర్రతో గడ్డి ఎగదోస్తున్నాడు.

"సార్, మీరా?"

"మన పొలమేనమ్మా. మెషిన్ గడ్డి, దేనికీ పనికిరాదు."

కౌలు రైతు అటునుంచే అన్నాడు, "రెండ్రోజులాగితే మా బావమరిది గేదెలకి తోలుకుపోతానన్నాడండీ. సారు ఆగనన్నారు."

"నువ్వు పని చూడు" అన్నాడు ఆయన.

"తగలబెట్టకూడదు కదండీ" అన్నాను. నా గొంతు నాకే బలహీనంగా వినబడింది.

ఆయన నవ్వాడు. నిజంగానే ముచ్చటపడి నవ్వాడు. "నీ పరిధి టౌను బోర్డు దాకే కదమ్మా. ఇక్కడ కూడా డ్యూటీ చేస్తావా ఏంటి?"

నా చేతిలో ఫోనుంది. ఫొటో తియ్యలేదు. గాలి తిరిగి పొగ పక్కకి పోయాక బస్సెక్కి కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే గొడుగు కింద తెల్ల చొక్కా అలాగే ఉంది, మీద మసి కూడా పడలేదు.

ఆ తరవాత నెలలో సువార్తమ్మ సంగతి జరిగింది.

సువార్తమ్మ ఆ వీధి ఊడ్చేది. కాంట్రాక్టు మీద పదేళ్లకి పైగా చేస్తోంది. మా అమ్మ వయసు. ఎర్ర తువ్వాలు తలకి చుట్టి, పెదాలు కదిపీ కదపకుండా కీర్తన పాడుకుంటూ ఊడ్చేది. ఆవిడ ఊడ్చిన వీధికి మళ్లీ వెళ్లి చూడాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. ఆయన ఇంటి ముందు పెద్ద బాదం చెట్టు ఉంది. చలికాలం చివర్లో అది ఎర్రటి ఆకులు రాలుస్తుంది, పళ్లెం అంతేసి ఆకులు. అప్పటికి రెండు రోజులుగా చెత్త ఆటో రిపేరులో ఉంది. ఆ పొద్దున ఆయన ఇంట్లో రిటైరైన ఉద్యోగుల మీటింగు.

జరిగింది సువార్తమ్మ నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "బండి రాలేదండీ, పోగు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటది అన్నానమ్మా. గాలికి మళ్లీ రేగుద్ది, వచ్చే పెద్దోళ్ల కాళ్ల కింద పడతయ్, కాల్చెయ్ అన్నారు. మేడం ఊరుకోదండీ అన్నాను. నేనున్నాగా, నేను చెప్తాలే అన్నారు. లోపలికెళ్లి అగ్గిపెట్టె ఆయనే తెచ్చిచ్చారు."

మంచుకి తడిసిన ఆకులు. అడుగున ఎవరో విసిరిన కవర్లు. మంట రాలేదు, పొగ వచ్చింది. గోడ పక్క ఇంట్లో పై వాటాలో మూడేళ్ల పిల్లకి ఆయాసం ఉంది. ఆ పొగ నేరుగా వాళ్ల కిటికీలోకి వెళ్లింది. పిల్ల పెదాలు నీలంగా మారితే తండ్రి బండి మీద ఆస్పత్రికి పరిగెత్తాడు. తల్లి మెట్ల మీదనుంచి, "ఎవరు పెట్టారు? ఎవరు పెట్టారది?" అని ఏడుస్తూ అరిచింది. సాయంత్రానికి పిల్ల కోలుకుని ఇంటికి వచ్చింది. కానీ పొద్దున ఆ అరుపు విన్న ఐదు నిమిషాల్లో గ్రూపులో ఫొటో పడింది. 'పారిశుద్ధ్య సిబ్బందే చెత్త కాలుస్తుంటే ప్రజలు ఎవరికి చెప్పుకోవాలి? తక్షణ చర్య కోరుతున్నాం.'

ఆ ఫొటో బాల్కనీలోంచి తీసింది కాదు. గేటు దగ్గర నిలబడి, నాలుగడుగుల దూరం నుంచి తీసింది. అందులో సువార్తమ్మ తలెత్తి ఆయన వంక చూసి నవ్వుతోంది.

"నవ్వావేంటి?" అని అడిగాను.

"శుభ్రంగా ఊడ్చానని తీస్తున్నారనుకున్నానమ్మా" అంది.

అలవాటు కొద్దీ తీశాడో, ముందుజాగ్రత్తకి తీశాడో నాకు ఇప్పటికీ తెలియదు. రెండింట్లో ఏదైనా ఆయనకి తగ్గట్టే ఉంటుంది.

మధ్యాహ్నం సువార్తమ్మనీ మేస్త్రినీ తీసుకుని ఆ ఇంటికి వెళ్లాను. మీటింగు అయిపోయి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"సార్, కాల్చమని మీరే చెప్పారంట కదా."

"శుభ్రం చెయ్యమన్నాను. కాల్చమని నేనెందుకంటానమ్మా? రూలు తెలియనివాణ్నా?"

సువార్తమ్మ మెల్లగా అంది, "అగ్గిపెట్టె తమరే ఇచ్చారు గదండీ."

ఆయన ఆవిడ వైపు చూడలేదు. నాతోనే అన్నాడు, "అగ్గిపెట్టె ఎవరింట్లో ఉండదు? సాక్ష్యం కావాలి కదా దేనికైనా."

గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. "అమ్మగారూ, మీరు చూశారు గదండీ" అంది సువార్తమ్మ. ఆవిడ మొగుడి వంక చూసింది, తలుపు రెక్క పట్టుకుంది, లోపలికి వెళ్లిపోయింది. లోపల ఎక్కడో కుళాయి తిప్పిన చప్పుడైంది.

"ఆవిడ మీద నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు" అన్నాడు. "పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. నువ్వు రిపోర్టు ఎలా రాస్తావో చూస్తాను."

రాశాను. ఒకటిన్నర పేజీ రాశాను. ఇంటి యజమాని చెప్పినందువల్లే, ఆయన ఇచ్చిన అగ్గిపెట్టెతోనే కార్మికురాలు నిప్పు పెట్టినట్టు విచారణలో తెలిసిందని రాశాను. మా పై అధికారి చదివి, ఆ వాక్యం దగ్గర పెన్ను ఆపాడు.

"ఇది ఉంచితే ఆయన నీ మీద ఆర్టీఐలు వేస్తాడు, కలెక్టరాఫీసు దాకా వెళ్తాడు. ఆయనకి వేరే పనేముంది? నీ ప్రొబేషన్ ఫైలు ఇంకా నా టేబుల్ మీదే ఉంది. ఆలోచించుకోమ్మా" అన్నాడు. బెదిరించలేదు. కోపం కూడా లేదు ఆ గొంతులో.

ఒక మధ్యాహ్నమంతా ఆలోచించాను. సాయంత్రం కొత్త కాగితం మీద నాలుగు లైన్లు రాసి ఇచ్చాను. 'కార్మికురాలు నిబంధనలకు విరుద్ధంగా చెత్తకు నిప్పు పెట్టినది వాస్తవం.' అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

మర్నాటి నుంచి సువార్తమ్మని రావద్దన్నారు. మూడో రోజు ఆవిడ డ్యూటీ కోటు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఉతికి, మడత పెట్టి తెచ్చింది. "ఇంకెవరికన్నా పనికొస్తదమ్మా" అని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఆయన ఆఫీసుకి వచ్చాడు. రుమాలు, పేపరు, కుర్చీ, అన్నీ మామూలే. "డ్యూటీ అంటే అలా చెయ్యాలి. నీకు పైకొచ్చే లక్షణాలున్నాయమ్మా" అన్నాడు. ఎవరైనా తిట్టినప్పుడు కూడా నాకు అంత మంట పుట్టలేదు. ఇంకో నెల గడిచేసరికి వీధి సరిగ్గా ఊడవడం లేదని ఫిర్యాదు పెట్టాడు. ఫొటోలో ఆయన బాదం ఆకులు. ఫోన్ చేసి మరీ అన్నాడు, "కొత్తావిడకి పని రాదు. ఆ ముందావిడే నయం. ఆవిడేమైంది?"

ఆవిడేమైందో ఆయనకి నిజంగానే గుర్తులేదు. నటించాడనుకుంటే కాస్త గౌరవమైనా మిగిలేది.

ఆయన పోయిన రోజు అల్లుడు ఫోన్ చేశాడు, ఇంటి ముందు ఊడిపించి బ్లీచింగ్ చల్లించమని. ఇద్దర్ని పంపించాను. నేను సందు మొదట్లోనే ఉండిపోయాను. శవాన్ని తీసుకెళ్లాక వీధిలో పూలూ మరమరాలూ మిగిలితే మావాళ్లే ఎత్తారు. గోడ పక్క ఇంటి పై వాటాలో కిటికీ మూసే ఉంది. బాల్కనీలో ఆయన తెల్ల చొక్కాలు రెండు ఆరవేసి ఉన్నాయి, వాటిని తియ్యడం ఎవరికీ తోచలేదు.

రెండు వారాల తరవాత ఆదివారం మా ఊరు వెళ్లి, చర్చి అయ్యాక కోడూరు మీదుగా హంసలదీవి వైపు వెళ్లాను. సువార్తమ్మ అక్కడ కూతురి దగ్గర ఉంటోందని మేస్త్రి చెప్పాడు. ఎందుకు వెళ్లానంటే ఆ వార్త నేనే చెప్పాలనిపించింది. ఆవిడకి ఏదో ఇస్తున్నట్టు, నా మీదనుంచి ఏదో దింపుకుంటున్నట్టు దారి పొడుగునా అనిపించింది. ఉప్పుగాలికి కళ్లు మండుతున్నాయి. సువార్తమ్మ పరదా పట్టా మీద ఆరిన చేపలు ఏరుతూ కూర్చుంది. చిక్కిపోయింది. తలకి అదే ఎర్ర తువ్వాలు.

కుశలాలయ్యాక చెప్పాను. "ఆ సారు పోయారు సువార్తమ్మా."

"ఏ సారు?"

"బాదం చెట్టింటాయన. నీ ఫొటో తీసినాయన."

ఆవిడ ఒక చేపని ఇసక దులిపి అవతల పడేసింది. "ఆయనా! పోయారా పాపం. ఆవిడ ఒక్కతే అయిపోయిందన్నమాట" అంది.

అంతే. నేను ఇంకేదో ఆశించాను. నాకు కావలసింది ఆవిడ మొహంలో దొరకలేదు. ఉండబట్టలేక అడిగాను, "ఆయన మీద నీకు కోపం రాలేదా?"

"ఆయన మీద కోపమేంటమ్మా! ఆయనెప్పుడూ అంతేగా. ఆయన్నించి నేనేం అనుకోలేదు." చేతిలో చేపని చూస్తూ అంది, "నువ్వు రాసే కాయితంలో నా మాట ఒక్కటన్నా ఉంటదనుకున్నా."

వెనకటి రోజుల్లో టౌను చర్చిలో ఎదురుపడితే నేను ఆవిడని అత్తా అనేదాన్ని. డ్యూటీలో ఎప్పుడూ అనలేదు.

"అత్తా..." అన్నాను.

ఆవిడ పట్టా అంచు సర్దింది. పక్కనున్న పీట లాగి కొబ్బరాకు పాక నీడలో వేసింది.

"ఎండగా ఉందండి మేడంగారూ" అంది. "నీడలోకొచ్చి కూర్చోండి."